హంస కరిచింది నన్ను కాదు

ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే, మా అర్బాబ్ ఇంట్లోవాళ్ల పాస్‌పోర్టులు నా బల్ల మీదికి వస్తాయి. అర్బాబ్ అంటే మా కంపెనీ యజమాని. ఆయన, భార్య, ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి, మొత్తం ఆరు పాస్‌పోర్టులు. ఏటా వేసవి సెలవులకు వాళ్లు యూరప్ వెళతారు. వీసా ఫారాలు నింపడం, అపాయింట్‌మెంట్ తీసుకోవడం, కాగితాలు వరసలో పెట్టి ఇవ్వడం నా పని. గల్ఫులో, రువిలోని ఈ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్నది కాగితాల పనే.

నాలుగేళ్లుగా ఆ ఎర్ర పాస్‌పోర్టుల కట్టలో ఒక నీలంది కూడా ఉంటోంది. అది వాళ్లింట్లో పనిచేసే ఆవిడది. రాయచోటి దగ్గర ఒక పల్లె ఆమెది. వంట చేస్తుంది, పిల్లల్ని చూసుకుంటుంది. పిల్లలు ఎక్కడుంటే ఆమె అక్కడ ఉండాలి కాబట్టి యూరప్‌కి కూడా తీసుకువెళతారు. ఫారంలో ఒకచోట ప్రయాణం ఎందుకు అని అడుగుతారు. వ్యాపారం, చదువు, బంధువులను చూడటం, పర్యటన, ఇలా కొన్ని గడులుంటాయి. ఆరుగురికి పెట్టినట్టే ఏడో ఫారంలో కూడా పర్యటన దగ్గర టిక్కు పెట్టేవాణ్ని. అలా ప్రతి ఏటా ఆమెను పర్యాటకురాలిని చేసింది నేనే. అవసరమైన రోజున ఆ మాట మరిచిపోయిందీ నేనే.

ముందు మా ప్రయాణం సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట నేనూ మా ఆవిడా కూడా యూరప్ వెళ్లాం. ఆవిడ ఇక్కడే వాడి కబీర్ అనే పేటలో, బళ్లో సైన్సు చెబుతుంది. మా ఫ్లాటు కూడా అక్కడే, బడి బస్సులు మలుపు తిరిగే సందులో. చాలా ఏళ్లుగా అడుగుతోందని ఒక టూరులో చేరాం. పదకొండు రోజులు, ఏడు దేశాలు, ఒక బస్సు. బస్సులో నలభై మందిమీ తెలుగువాళ్లమే. వెంట వంటాయన కూడా ఉన్నాడు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం ఏదో ఒక మంచుకొండ కింద పులిహోర. గైడు ఇరవై నిమిషాలు అంటే నేను పదిహేనో నిమిషానికి బస్సు తలుపు దగ్గర ఉండేవాణ్ని. మెడలో పాస్‌పోర్టుల సంచి, సంచి మీద చెయ్యి. అక్కడ జేబుదొంగలు ఎక్కువని ఎవరో చెప్పారు. పారిస్ మొత్తం ఆ సంచి మీద చెయ్యి తియ్యకుండా తిరిగాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే నాకు గుర్తున్నవి ఆ సంచి జిప్పు, బస్సులో నా ముందు సీటు వెనకభాగం.

స్విట్జర్లాండ్‌లో ఒక సరస్సు ఒడ్డున మా ఆవిడ చెక్కబల్ల మీద కూర్చుంది.

"కాసేపు కూర్చోండి. ఎంత బాగుందో చూడండి."

"బస్సు వెళ్లిపోతుంది."

"నలభై మంది ఎక్కకుండా ఎట్లా వెళుతుందండీ?"

"నీకు తెలీదులే. లే, లే."

లేచింది. ఆ తర్వాత మూడు దేశాల దాకా నాతో మాట్లాడలేదు.

తిరిగొచ్చాక ఎవరడిగినా అద్భుతం అని చెప్పాను. ఇంకేం అడిగేవారు కాదు. వాళ్లు వెళ్లొచ్చినప్పుడు నేనూ అంతకన్నా అడగలేదు.

ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి ఉగాదికి ఒక సంచిక వేసుకుంటాం. పిల్లల బొమ్మలు, పచ్చళ్ల కొలతలు, నాలుగు పద్యాలు. ఈ ఉగాదికి ఆ బాధ్యత నా మీద పడింది. యూరప్ వెళ్లొచ్చినవాళ్ల అనుభవాలతో కొన్ని పేజీలు పెడదామన్నారు. అడిగితే ఆరుగురు రాసి ఇచ్చారు. ఆరూ ఒకలాగే ఉన్నాయి. టవరు, మంచు, చాక్లెట్, అక్కడి శుభ్రత, మనవాళ్లు నేర్చుకోవలసింది ఎంతో ఉంది. ఏడోది నేను రాయాలి. రాయడానికి నా దగ్గర ఆ పాటి కూడా లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వీసా సెంటరు నుంచి కబురొచ్చింది. పాత వేలిముద్రలు మసకగా ఉన్నాయని ఆవిడను మళ్లీ రమ్మన్నారు. అర్బాబ్ ఇల్లు అల్ ఖౌద్‌లో. పొద్దున్నే కారులో వెళ్లి ఎక్కించుకున్నాను. వెనక సీట్లో ఓ మూలకి ఒదిగి కూర్చుంది.

"ఈసారి యాడికంట సార్?"

"ఆస్ట్రియా. అక్కణ్నించి ఫ్రాన్సు."

"ఓ, చెరువూరికా."

ఆస్ట్రియాలో కొండల నడుమ ఒక సరస్సు, దాని ఒడ్డున చిన్న ఊరు. గల్ఫు కుటుంబాలు వేసవిలో చాలామంది అక్కడికే వెళతారు. ఆ ఊరి పేరు ఆమెకు నోరు తిరగలేదు. చెరువుంది కాబట్టి చెరువూరు అని పెట్టుకుంది.

దారిలో సంచిక గురించి నాకు ఫోనొచ్చింది. యూరప్ పేజీలు ఎంతవరకూ వచ్చాయని కమిటీలో ఒకాయన అడిగాడు. ఆమె అంతా విన్నది.

వీసా సెంటరులో వేలిముద్రల యంత్రం ఆమె కుడిచేతి చూపుడు వేలిని ఎంతకీ ఒప్పుకోలేదు. కౌంటరులోని అమ్మాయి ఆ వేలిని తుడిచింది, మళ్లీ నొక్కించింది, మళ్లీ తుడిచింది. వేలి కొసన గోరు పక్కగా పాత గాటు ఒకటి ఉంది.

"ఏమైంది ఆ వేలికి?" అని నేనడిగాను.

"హంస కరిచింది సార్."

"హంసా?"

"చెరువూర్లో. తెల్లగా ఉండాది గదా, మంచిదనుకున్యా. రొట్టె ముక్క ఇస్తే ఏలు గూడా కావల్ల అనింది. మా గిన్నెకోళ్లు మేలు సార్, అవి అరుస్తాయిగానీ కరవ్వు."

కాసేపు కూర్చోమన్నారు. గంటన్నర కూర్చున్నాం. ఆ గంటన్నరలో ఆమె చెప్పింది విన్నాను. ఇక్కడ రాస్తున్నవి ఆమె మాటలు. ఈసారి అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు మాత్రం ఇప్పుడు అక్కర్లేదంది.

చెరువూర్లో వానొస్తే మామా బయటికి పరిగెత్తుతుందట. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ఇక్కడ ఎండకు గుమ్మం దాటని మనిషి, అక్కడ నల్ల అబాయా తడిసి ఒంటికి అతుక్కుపోతున్నా రోడ్డు మధ్యలో నిలబడి చిన్నపిల్లలా నవ్వుతుందట. ముసలావిడ కూడా చక్రాల కుర్చీలోంచి చేతులు చాపుతుందట. ఈమె చంటిపిల్లాడి బండి మీద గొడుగు పట్టుకుని చూస్తూ ఉంటుంది.

"వాన జూసేదానికి అంత దూరం పోతారు సార్ వీళ్లు. మేము వాన ల్యాకనే గదా ఈడికొచ్చింది."

ఆ మాట చెప్పి, చెప్పినట్టే తెలియనట్టు ఆవుల సంగతికి వెళ్లిపోయింది. అక్కడి ఆవుల మెడలో సంగటి చట్టంత గంట ఉంటుందట. కొండ మీద మేత మేస్తుంటే కింద గదిలోకి వినబడుతుందట. పొద్దున లేస్తూనే ఆ చప్పుడు విని, ఏ దేశంలో ఉన్నానో కాసేపు తెలియలేదంది. వాళ్ల పల్లెలో మేకల మెడలో గంటలు ఉంటాయి, ఇంకా సన్నగా మోగుతాయంది.

పారిస్‌లో వాళ్లంతా టవరెక్కారట. చంటివాడు నిద్రపోతున్నాడని ఈమెను బండి దగ్గర ఉంచారు. రెండు గంటలు ఆ టవరు కాళ్ల దగ్గర బల్ల మీద కూర్చుంది. "అందరూ తల చూసొచ్చినారు. నేను కాళ్లు చూసినా. మన కరెంటు టవరు మాదిరే, బోల్టులు బోల్టులు." పక్కన ఒక ముసలమ్మ వచ్చి కూర్చుని, సంచిలోంచి పొడుగు రొట్టె తీసి సగం విరిచి ఇచ్చిందట. ఈమె గాజుల్ని ఒక్కొక్కటే ముట్టుకుని చూసిందట. "ఆమెకు నా మాట రాదు, నాకు ఆమె మాట రాదు. మోకాళ్ల నొప్పులని మాత్రం ఇద్దరికీ తెలిసిపోయింది."

నేను నవ్వాను. నవ్వి, అదే టవరు కింద నేను సంచి పట్టుకుని నిలబడటం గుర్తొచ్చి ఆగిపోయాను.

అప్పుడు అడిగింది. "సార్, మీరేదో పుస్తకం ఏస్తాండారంట గదా, యూరప్‌కి పోయొచ్చినోళ్లది. నాది గూడా ఏయండి సార్."

"నీకెందుకమ్మా?"

"మా పాప నమ్మదు సార్."

కూతురు కడపలో డిగ్రీ రెండో ఏడు, హాస్టల్లో ఉంటోంది. తండ్రి లేడు. మా అమ్మ పారిస్ టవరు చూసిందని ఆ పిల్ల రూములో చెప్పిందట. ఫోటో చూపించమన్నారు. ఫోటో లేదు. ఈమె చేతిలో ఎప్పుడూ ఆ ఇంటి పిల్లలుంటారు, పిల్లల ఫోటోలు తియ్యకూడదని మామా గట్టిగా చెప్పింది. అందుకని ఫోనే బయటికి తియ్యదు. ఫోటో లేకపోతే మీ అమ్మ అక్కడ కూడా వంటింట్లోనే ఉండి ఉంటుందని రూములో పిల్లలు నవ్వారట. తర్వాత్తర్వాత కూతురే అడగడం మొదలుపెట్టింది. నిజంగా చూసినావా, ఎవరన్నా చెప్తే విన్నావా అని.

"నేను ఫోన్లో చెప్పేది అయ్యొకటే సార్. మిగతా అంతా డ్యూటీనే గదా, ఏం చెప్తా? ఈ కతలు చెప్పేటప్పుడే ఆ పాప కాసేపు ఇంటాది. ఇప్పుడు అదీ ఇనడం ల్యా. నా పేరు, మా ఊరి పేరు పెట్టి అచ్చేయండి. అచ్చులో ఉంటే నమ్ముతాది."

"వేస్తాలేమ్మా," అన్నాను. ఫోన్లో రికార్డు పెట్టి, మొదటినుంచి మళ్లీ చెప్పించుకున్నాను. ఆ మాటైతే అప్పుడు నిజంగానే ఇచ్చాను.

కానీ ఆమె పేరుతో వెయ్యలేదు. ఆ తప్పును కమిటీ మీదికి నెట్టెయ్యాలని నాకు చాలాసార్లు అనిపించింది. వాళ్లు ఒప్పుకోలేదని చెప్పుకుంటే సులువుగా ఉండేది. కానీ నేను వాళ్లను అడగనే లేదు. ఆరుగురు రాసినవాళ్లలో ఒకరు డాక్టరు, ఇద్దరు ఇంజినీర్లు. వాళ్ల పక్కన ఇంటిపని చేసే ఆవిడ పేరు పెడితే ఏమనుకుంటారో అని నాకు నేనే అనుకున్నాను. ఆమె వెళ్లింది డ్యూటీకి కదా, సెలవులకు కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఫారంలో పర్యటన అని టిక్కు పెట్టిన చెయ్యే సంచికలో అది పర్యటన కాదని తీర్పు చెప్పింది.

అక్కడితో ఆగినా బాగుండేది. నా వంతు పేజీ రాయాలి. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నాలుగోసారి హంస గుర్తొచ్చింది. ఒక్క వాక్యమే కదా అనుకున్నాను. హంస వచ్చాక గంటలు వచ్చాయి. గంటల వెనక ముసలమ్మ రొట్టె విరుచుకుంటూ వచ్చింది. సంగటి చట్టిని బిందె చేశాను, మా కృష్ణా జిల్లా ఇంట్లో సంగటి వండరు కాబట్టి. గాజులు తీసేసి ఉంగరం పెట్టాను. తడిసి నవ్విన ఆడమనిషి ఎవరో ముక్కూమొహం తెలియని యాత్రికురాలైపోయింది. వాన దగ్గర ఆమె అన్న రెండో మాట మాత్రం నాకు ఎంతకీ అతకలేదు. మేము వాన లేకనే వచ్చాం అని నేనెలా రాస్తాను? ఇంటి వెనకే కాలవ పారిన ఊరు మాది. దాన్ని వదిలేశాను. చదువుకుంటే బాగానే ఉందనిపించింది. కింద నా పేరు, నా ఫోటో పెట్టుకున్నాను.

ఉగాది నాడు వేదిక మీద నాతోనే చదివించారు. హంస కరిచిన చోట హాలంతా నవ్వింది. డాక్టరుగారు వచ్చి చెయ్యి పట్టుకుని, "మేమూ వెళ్లాం గానీ మీ చూపు వేరండీ," అన్నారు. మా ఆవిడ మూడో వరసలో కూర్చుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఇంటికొస్తుంటే కారులో అడిగింది. "మనం హంసని ఎప్పుడు చూశామండీ?"

"నువ్వు బస్సులో నిద్రపోయావు."

"ఓహో," అంది. అంతే.

నెల తిరిగేసరికి వీసాలు వచ్చాయి. పాస్‌పోర్టులు ఇవ్వడానికి అల్ ఖౌద్ వెళ్లాను. వెనక వైపు వంటింటి తలుపు దగ్గర ఆమె చాయ్ ఇచ్చింది. సంచిక ఆమెకు నేను ఇవ్వలేదు. ఆ వీధిలోనే ఒక తెలుగువాళ్లింట్లో పనిచేసే గోదావరి ఆవిడ తెచ్చి ఇచ్చిందట.

"చదివినా సార్. కూడబలుక్కుని చదివినా, మూడు రోజులు పట్టింది." గ్లాసు నా చేతికిచ్చి, వేలు గాటు మీద బొటనవేలితో రుద్దుకుంటూ నిలబడింది. "సార్, మిమ్మల్ని గూడా కరిచిందా?"

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. ఒకే చెరువుకు ఇద్దరం వెళ్లి ఉంటామని, ఆ హంసకు అదే అలవాటని అనుకోవడానికి సిద్ధంగా ఉంది. నాకు చివరి అవకాశం అదే. చాయ్ ఒక గుక్క తాగాను.

"అక్కడ హంసలు అంతేనమ్మా," అన్నాను.

"అట్నా." గాటు మీంచి బొటనవేలు తీసింది. "నా పేరు ల్యాకున్నా నా కతే గదా అని పేజీ ఫోటో తీసి మా పాపకు పంపినా సార్. కింద మీ పేరు, మీ బొమ్మ చూసింది. ఏమనిందో తెల్సా? 'పోయింది ఆయప్ప, చెప్పింది నువ్వా? ఆ సారు ఎప్పుడో చెప్తే విని, నువ్వే చూసినట్టు నాకు చెప్తాండావా ఇన్నాళ్లూ?' అనింది. పదైదు దినాలాయ, ఫోన్ ఎత్తడం ల్యా. డ్యూటీలో ఉండావా, తిన్యావా అని మెసేజీ పెడ్తాది, అంతే."

సగం చాయ్ గ్లాసులో అలాగే వదిలేసి వచ్చాను. అల్ ఖౌద్ నుంచి వాడి కబీర్ దాకా నలభై కిలోమీటర్లు. అచ్చులో ఉంటే నమ్ముతాది అన్నది ఆమె. అచ్చు వల్లే ఆ పిల్ల నమ్మింది, నన్ను.

ఆ తర్వాత నాలుగు వారాలు నేనేమీ చెయ్యలేదు. ఈ మాట రాయడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఆఫీసుకు వెళ్లాను, వచ్చాను, బతాకాలు, అంటే ఇక్కడి గుర్తింపు కార్డులు, రెన్యువల్ చేయించాను. ఏదో ఒకరోజు ఫోన్ చేద్దాంలే అనుకున్నాను. ఆమె వాళ్లతో విమానమెక్కే రోజు దగ్గరపడుతోందని నా బల్ల మీద టిక్కెట్లే చెబుతున్నాయి. ఒంట్లో జ్వరం లేదు, కానీ ఒంట్లో ఏదీ కదలనంత అలసట. తప్పు చేసినవాడికి దాన్ని మొయ్యడం పెద్ద పనిలా, దించడం ఇంకా పెద్ద పనిలా ఉంటుందనుకుంటాను.

ఒక శుక్రవారం చేపల కోసం మా ఆవిడతో ఖురియాత్ వెళ్లాను. పడవలు అప్పుడే ఒడ్డెక్కాయి. చేపలు కొని, మంచు వేయించి, డిక్కీలో పెట్టాక కూడా ఆవిడ కారెక్కలేదు. సముద్రం వైపు తిరిగి నిలబడింది. వెళదాం, ఎండెక్కుతోంది అనబోయి ఆగాను. పక్కన వెళ్లి నిలబడ్డాను. అక్కడే చెప్పేశాను, మొత్తం.

ఆవిడ నా వైపు తిరగలేదు. "నాకు ఆ రోజే తెలుసు మీది కాదని. ఎవరిదో తెలీలేదు."

"అడగొచ్చుగా?"

"అడిగాను. నిద్రపోయానన్నారు." కాసేపు అలలు చూసింది. "నా క్లాసులో కాపీ కొట్టినవాడికి సున్నా వేస్తాను. కానీ వాడి కాపీ వల్ల అసలు రాసినవాడికి సున్నా పడిందంటే ఏం చేస్తానో నాకూ తెలీదు."

"ఏం చెయ్యమంటావు?"

"నాకు చెబితే ఏం లాభమండీ? ఆ పిల్లకి చెప్పండి."

మరుసటి శుక్రవారం పొద్దున్నే అల్ ఖౌద్ వెళ్లాను. కాగితాల్లో చిన్న మాట అడగాలని అర్బాబ్‌కి ఫోన్ చేసి చెప్పాను. అదీ పూర్తి నిజం కాదు. చేతిలో ఒక్క కాగితం లేకుండా ఆ గేటు దాటడం మాత్రం అదే మొదటిసారి.

వంటింటి వెనక గట్టు మీద కూర్చుని ఆమె రొట్టెలకు పిండి కలుపుతోంది. నేను నిలబడే చెప్పాను. హంసను నేను చూడలేదని, నీ మాటలు నావని రాసుకున్నానని. ఆమె చేతులు ఆగలేదు.

"తెల్సు సార్. మీరు చాయ్ ఇడిసిపెట్టి పోయినప్పుడే తెల్సు." పిండి తిప్పి మళ్లీ నొక్కింది. "చెప్పేదేదో నాకెందుకు? ఆ పాపకు చెప్పండి."

మా ఆవిడ అన్న మాటే. ఆమె ఫోన్ అందుకుని వీడియో కాల్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. నూనె రాసిన జుట్టు, వెనక ఇనప మంచాలు, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు.

"పాపా, ఈ సారు నీతో మాట్లాడల్లంట."

"ఏ సారు? పుస్తకం సారా?"

"అవునమ్మా," అన్నాను. "నేను రాసింది నాది కాదు. అంతా మీ అమ్మ చూసింది, మీ అమ్మ చెప్పింది. నేను దొంగిలించి నా పేరు పెట్టుకున్నాను."

ఆ పిల్ల కళ్లు చిన్నవి చేసి చూసింది. "మా అమ్మ చెప్పమంటే చెప్తాండారా సార్?"

"కాదమ్మా."

"మీరూ పోయినారంట గదా యూరప్‌కి?"

"పోయాను."

"మరి చెప్పుకునేదానికి మీకంటూ ఒక్కటన్నా ల్యాదా?"

"లేదమ్మా. బస్సు వెళ్లిపోతుందేమోనని భయపడుతూ తిరిగాను."

వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. ఈ పిల్ల నవ్వలేదు. "సరే సార్. ఆవు గంట ఎంతుంటాది?"

"బిందె అంత అని రాశాను."

"బిందెంత గంట కడితే ఆవు మెడ ఇరిగిపోతాది సార్."

"సంగటి చట్టంత," అని ఈవిడ పిండిలోంచే అంది. "అదీ చిన్న చట్టి."

"నువ్వుండుమా, అడిగింది నిన్ను కాదు." మళ్లీ నాతో అంది. "ఇంకొకటి సార్. వాన గురించి మీరు సగమే రాసినారు. మా అమ్మ ఎప్పుడు చెప్పినా ఆడ ఇంకో మాట ఉంటాది. మీరు రాసింది చదివినప్పుడే ఏందో తక్కువ పడిందనిపిచ్చింది. అదేందో చెప్పండి, సూద్దాం."

నేను చెప్పాను. మేము వాన లేకనే కదా ఇక్కడికొచ్చింది.

"మరి దాన్ని యాందుకు ఇడిసిపెట్టినారు?"

"అది నాకు నప్పలేదమ్మా. మా ఊళ్లో రెండు పంటలకీ కాలవ నీళ్లు వచ్చేవి."

ఆ పిల్ల మంచాల వైపు తిరిగింది. ఫోన్లో హాస్టలు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"అయితే అది మా అమ్మదే," అంది. నాతో కాదు, వెనకున్న పిల్లలతో.

నేను క్షమించమని అడగబోయాను. ఈవిడ మధ్యలోనే, "ఇంక చాల్లే పాపా, సార్‌ని ఇడువు," అంది.

"ఇడిసినాలే. అమ్మా, హంస ఎట్ట కరిచిందో ఇంకోసారి చెప్పు. ఈళ్లు ఇంటాండారు."

ఆమె రెండు చేతులకూ మోచేతుల దాకా పిండి. ఫోన్ నా చేతిలోనే ఉంది. ఆమె మొహానికి ఎదురుగా పట్టుకున్నాను. మొదలుపెట్టింది. చెరువు ఒడ్డున చలి, చంటివాడి ఏడుపు, రొట్టె ముక్క, తెల్లటి మెడ నీళ్ల మీదుగా వంకర్లు తిరుగుతూ దగ్గరికి రావడం. వీసా సెంటరులో నాకు చెప్పినదానికన్నా చాలా పెద్దగా ఉంది ఆ కథ. నాకు చెప్పనివి ఎన్నో ఉన్నాయి. కరిచిన చోటుకి వచ్చేసరికి పిండి అంటిన చూపుడు వేలు ఫోను ముందుకు చాచింది. అటువైపు ముగ్గురు ఆడపిల్లలు దగ్గరికి జరిగారు.

ఎండ గట్టు మీదికి వచ్చింది. ఫోన్ మీద నీడ పడేలా కాస్త పక్కకు జరిగాను. భుజం లాగుతోంది. లోపల్నుంచి మామా పిలుస్తుందేమో, కథ తెగిపోతుందేమో అని తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంకా ఎవరూ పిలవలేదు. ఆమె హంసను వదిలి వాన దగ్గరికి వచ్చింది.